గౌతమి మొగలో కొలతలు, కొలిచే చేతులు

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి నుంచి మళ్ళిన నీరు తూర్పు డెల్టా కాలువల గుండా మండపేట పరిసరాల వరిచేలకు చేరి, చేలు తాగగా మిగిలినది మురుగుకాలువల్లోకి దిగి, ఊళ్ళ వాడుకనీటినీ పొలాల ఎరువుల అవశేషాలనూ వెంటబెట్టుకొని, చివరికి గౌతమి దిగువ పాయల్లోకో, కాకినాడ ఖాతంలోకో, నేరుగా బంగాళాఖాతంలోకో చేరుతుంది. అందువల్ల సముద్రం కంటికి కనిపించనంత లోపలున్న మండపేట వంటి పట్టణానికి కూడా సముద్రంతో తెగని సంబంధం ఉన్నది. ఆ సంబంధం వల్ల తీరంలోని జీవరాశికి మేలు కలుగుతున్నదో కీడు కలుగుతున్నదో ఆధారంతో చెప్పవలసినవి విశ్వవిద్యాలయాల సముద్ర జీవావరణ ప్రయోగశాలలు. అవి చెప్పే ప్రతి మాట వెనుకా ఒక అంకె ఉంటుంది; ఆ అంకె వెనుక పడవలో కూర్చుని నీటిని సీసాలో పట్టిన మనిషి, బురదను జల్లెడ పట్టిన మనిషి ఉంటారు. చాలా సందర్భాల్లో ఆ మనిషి ఆచార్యుడు కాడు, పరిశోధక విద్యార్థి కూడా కాడు. కొద్ది నెలల ఒప్పందం మీదనో, రోజులో కొన్ని గంటల లెక్కననో పనిచేసే సాంకేతిక సహాయకుడో, సహాయకురాలో అయి ఉంటారు. ఈ ప్రసంగానికి విషయం వారి పని, ఆ పని మీద ఆధారపడి నిలిచిన జ్ఞానం.

జీవావరణ శాస్త్రం అంటే జీవులకూ వాటి చుట్టూ ఉన్న నీరు, నేల, వెలుతురు, వేడిమి వంటి పరిస్థితులకూ మధ్య, ఒక జీవికీ మరొక జీవికీ మధ్య నడిచే సంబంధాలను పరిశీలించే శాస్త్రం. సముద్రతీరంలో ఆ పరిశీలన ప్రధానంగా రెండు రకాల జీవుల మీద సాగుతుంది: నీటి కదలికతో పాటు కొట్టుకుపోతూ బతికే ప్లవకాలు ఒక రకం, అడుగునున్న బురదలోనూ ఇసుకలోనూ కాపురముండే పురుగులు, గుల్లలు, చిన్న పీతలు మరొక రకం. ఈ రెండవ రకాన్ని శాస్త్రజ్ఞులు బెంథాస్ అంటారు. ప్లవకాలు ఈరోజు ఇక్కడ ఉండి రేపటి పాటుకు మరోచోటికి పోవచ్చును గాని, బురదలోని జీవి ఎక్కడికీ పోలేదు. తన మీదుగా పారిన మంచి నీటినీ చెడ్డ నీటినీ నెలల తరబడి భరించి, తట్టుకుంటే మిగులుతుంది, తట్టుకోలేకపోతే చస్తుంది. నీటి పరీక్ష ఒక పూట పరిస్థితిని చెబితే, అడుగు బురదలోని జీవుల లెక్క గడిచిన కాలమంతటినీ చెబుతుంది. డెల్టా మురుగునీటి ప్రభావాన్ని తెలుసుకోవాలనుకునేవారు ముందుగా బురదను ఎందుకు తవ్వుతారో దీనిని బట్టి తెలుస్తుంది.

తెలుగు నేల మీద ఈ విద్యకు విశ్వవిద్యాలయ స్థాయిలో పునాది పడినది 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో. అక్కడి జంతుశాస్త్ర శాఖలో ఆచార్య పి.ఎన్. గణపతి, ఆయన శిష్యులు 1950లలోనూ 1960లలోనూ విశాఖపట్నం ఓడరేవులో కొయ్యను తొలిచే జీవులను, ఓడల అడుగుభాగానికి అంటుకొని పెరిగే జీవులను, వాల్తేరు ఒడ్డున ఇసుక రేణువుల సందుల్లో బతికే అతి చిన్న ప్రాణులను పరిశీలించారు. ఇసుక రేణువుల మధ్య ఉన్న ప్రాణిని పట్టుకోవాలంటే ఇసుకను లోతు ప్రకారం పొరలుగా తీసి, ఒక్కొక్క పొరనూ విడిగా కడిగి, కడిగిన నీటిని సూక్ష్మదర్శిని కింద బొట్టు బొట్టుగా చూడవలసి ఉంటుంది. అంత ఓపికతో కూడిన పని ఒక్క మనిషి చేతితో సాగేది కాదు. 1950లలోనే అమెరికా నుంచి వచ్చిన సముద్ర శాస్త్రజ్ఞుడు ఇ.సి. లాఫాండ్ సహకారంతో భౌతిక సముద్ర పరిశోధన కూడా అక్కడ మొదలై, 1954లో ఆ విశ్వవిద్యాలయం సముద్ర శాస్త్ర వ్యాసాల తొలి సంపుటాన్ని ప్రచురించింది. తూర్పుతీరానికి ఆవల సముద్రగర్భంలో గుర్తించిన లోయల్లో ఒకదానికి ఆంధ్ర పేరు, మరొకదానికి భూగర్భ శాస్త్ర ఆచార్యుడు మహదేవన్ పేరు నిలిచాయి. ఆ లోయల మీదుగా సాగిన ఓడల్లో సీసాలు దించినవారి పేర్లు, తాళ్ళు చేదినవారి పేర్లు ఏ పటంలోనూ లేవు. పటాలకు పేర్లు పెట్టే పద్ధతే అటువంటిది కనుక దీనిని తప్పుపట్టనక్కరలేదు గాని, ఆ చేతులు లేకుండా లోతు తెలిసేది కాదన్న సంగతిని మాత్రం గుర్తుంచుకోవాలి.

గోదావరి ముఖం విషయానికి వస్తే, యానాం దిగువన గౌతమి నుంచి చీలిన కోరంగి, గాడేరు పాయలు మడ అడవుల గుండా కాకినాడ ఖాతంలో కలుస్తాయి. ఆ ఖాతానికి తూర్పున గోదావరి ఒండ్రుతోనూ ఇసుకతోనూ పెరిగిన హోప్ దీవి పొడవాటి మేటగా అడ్డుగా నిలిచి సముద్రపు అలలను ఆపుతుంది. తెల్లమడ, నల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న చెట్లు పెరిగే ఆ ప్రాంతంలో 235 చదరపు కిలోమీటర్ల మేర 1978లో కోరంగి అభయారణ్యం ఏర్పడింది. ఆంధ్ర విశ్వవిద్యాలయ సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాల ఈ ఖాతంలోనూ ఈ పాయల్లోనూ చాలాకాలం పరిశోధన సాగించింది. 1990ల చివరి నుంచి కొన్నేళ్ళపాటు ఐరోపా సంఘం నిధులతో బెల్జియం, శ్రీలంక పరిశోధకులతో కలిసి ఇక్కడి మడ అడవుల క్షీణతను, అవి తిరిగి కోలుకునే శక్తిని కూడా పరిశీలించింది. రొయ్యపిల్లలూ చేపపిల్లలూ పీతపిల్లలూ పెరిగే చోటు కావడం వల్ల, బుడితలు అనే గుల్లలు ఏరి బతికే మత్స్యకార కుటుంబాలకు ఆ బురదే జీవనాధారం కావడం వల్ల, ఇక్కడి కొలతలకు శాస్త్రగ్రంథాలకు వెలుపల కూడా విలువ ఉన్నది.

ఇటువంటి చోట సహాయకుని పని గడియారాన్ని బట్టి నడవదు, ఆటుపోట్లను బట్టి నడుస్తుంది. పోటు ఎక్కే సమయం ఈనాటికంటే రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది; అమావాస్యకూ పున్నమికీ నీరు ఎత్తుగా వస్తుంది, అష్టమి రోజుల్లో ఎక్కడం దిగడం తక్కువగా ఉంటుంది. పోటు మీద తీసిన నీరు సముద్రపు నీరు, పాటు మీద తీసిన నీరు ఏటి నీరు. ఒకే చోట ఒకే రోజు తీసిన రెండు నమూనాల ఉప్పదనానికీ పొంతన ఉండదు. కనుక రెండు నెలల కొలతలను పోల్చాలంటే రెండుసార్లూ ఒకే తిథికి, ఒకే పోటుదశలో నీరు తీయాలి. అటువంటి దశ తెల్లవారుజామున మూడు గంటలకు రావచ్చును, ఆదివారం మధ్యాహ్నం రావచ్చును. పదింటికి వచ్చి రెండింటికి వెళ్ళమని చెప్పే ఒప్పందానికీ సముద్రానికీ మొదట ఇక్కడే పొత్తు కుదరదు. ఈ పోటుపాట్ల లెక్కలు పంచాంగం చూడకుండానే తెలిసినవారు పడవ నడిపే సరంగులు. ఏ పాయలో ఏ పూట పడవ నేలకు తగులుతుందో, ఏ మొగ దగ్గర ఇసుక కొత్తగా మేటవేసిందో వారికి తెలిసినంతగా ముద్రిత పటాలు చెప్పలేవు. మంచి సహాయకుడు మొదట వారి దగ్గరే పని నేర్చుకుంటాడు.

పడవ మీద చేసే పనుల్లో ఎక్కువ జాగ్రత్త అవసరమైనది నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను కొలవడం. హంగేరీ రసాయన శాస్త్రజ్ఞుడు లాయోష్ వింక్లర్ 1888లో ప్రకటించిన పద్ధతి నేటికీ ప్రమాణంగా నిలిచి ఉన్నది. విద్యుత్ పరికరాలు వచ్చిన తరువాత కూడా వాటి రీడింగు సరైనదో కాదో తేల్చుకోవడానికి తిరిగి దీనినే ఆశ్రయిస్తారు. గాజుసీసా అడుగుదాకా రబ్బరుగొట్టం దించి నీటిని నెమ్మదిగా నింపి, సీసా పొర్లిపోయేదాకా పోనిచ్చి, గొట్టం పైకి తీసిన వెంటనే మాంగనీస్ లవణ ద్రావణాన్ని, ఆ తరువాత క్షారం కలిసిన అయొడైడ్ ద్రావణాన్ని నీటి మట్టానికి దిగువన వదిలి, గాలి బుడగ ఒక్కటి కూడా చిక్కకుండా మూత బిగించి, తలకిందులు చేస్తూ కలపాలి. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు అవక్షేపం ఏర్పడుతుంది, బొత్తిగా లేకుంటే అది తెల్లగానే ఉండిపోతుంది. కాబట్టి అనుభవం ఉన్న సహాయకుడు ప్రయోగశాలకు చేరకముందే, పడవలోనే, ఆ నీటి స్థితిని రంగును బట్టి పోల్చుకోగలుగుతాడు. ఒడ్డుకు చేరాక ఆమ్లం పోస్తే అవక్షేపం కరిగి అయొడిన్ విడుదలవుతుంది. దానిని సోడియం థయోసల్ఫేట్‌తో బొట్టు బొట్టుగా తటస్థపరుస్తూ, పసుపు పలచబడిన దశలో గంజి ద్రావణం చేరిస్తే నీలిరంగు వస్తుంది. ఆ నీలం ఏ బొట్టుతో మాయమైందో ఆ బొట్టు దగ్గర బ్యూరెట్ అనే కొలతగీతల గొట్టంపై ఉన్న అంకె నీటిలోని ఆక్సిజన్‌ను తెలుపుతుంది. గాలిలో ఆక్సిజన్ నీటిలోకంటే ఎన్నో రెట్లు ఎక్కువ గనుక, సీసాలో చిక్కిన చిన్న బుడగ కూడా ప్రాణవాయువు లేక చేపలు తేలిపోయే నీటిని మంచి నీటిగా చూపించగలదు. ఆ తప్పును తరువాత ఏ గణితంతోనూ సరిదిద్దలేరు.

బురదను పైకి తీయడానికి వాడే పరికరం వాన్ వీన్ గ్రాబ్. రెండు ఉక్కు దోసిళ్ళు తెరిచి ఉన్న స్థితిలో తాడు మీద దిగి, అడుగును తాకగానే పట్టు విడి, తాడు లాగినప్పుడు మూసుకొని కొంత బురదను పట్టుకొని పైకి వస్తాయి. సాధారణంగా అది చదరపు మీటరులో పదోవంతు నేలను తెస్తుంది. దీనిని 1933 ప్రాంతంలో రూపొందించిన యోహాన్ వాన్ వీన్ జీవశాస్త్రజ్ఞుడు కాడు, నెదర్లాండ్స్ డెల్టాను సముద్రపు వరదల నుంచి కాపాడే మహానిర్మాణాలకు పథకం వేసిన ఇంజనీరు. ఒక డెల్టాను కాపాడడానికి పూనుకున్న మనిషి అడుగునేల ఎటువంటిదో ముందు తెలుసుకోవాలనుకొని చేయించిన పనిముట్టు ప్రపంచంలోని నదీముఖాలన్నిటికీ పాకి, గోదావరి బురదలోకీ దిగింది. అది ఎంత మంచి పరికరమైనా, దోసిళ్ళ మధ్య గవ్వో కర్రముక్కో అడ్డుపడి పూర్తిగా మూసుకోకుంటే బురద సగం జారిపోతుంది. ఆ సగం నమూనాను పారవేసి మళ్ళీ దించాలా, దానినే నింపుకొని పోవాలా అన్న నిర్ణయం ఆ క్షణంలో, ఎండలో, తాడు చేతిలో ఉన్న సహాయకునిదే. నిజాయితీ గల నిర్ణయం అంటే మళ్ళీ దించడమే. అది ఎవరూ చూడకపోయినా జరగవలసిన పని.

పైకి వచ్చిన బురదను అర మిల్లీమీటరు కన్నులున్న జల్లెడలో వేసి కడుగుతారు. నీటి ధార జోరుగా పడితే మెత్తని పురుగులు తెగిపోతాయి, జోరు తగ్గితే మెత్తటి డెల్టా ఒండ్రు జల్లెడ కన్నులను పూడ్చివేస్తుంది. కనుక జల్లెడను నీటి తొట్టిలో సగం ముంచి, బియ్యం విరగకుండా కడిగే ఇల్లాలి చేతివాటంతో నెమ్మదిగా ఆడించవలసి ఉంటుంది. జల్లెడలో నిలిచిన సమస్తాన్నీ, గవ్వ పెంకులూ ఆకు ముక్కలూ ప్రాణులూ అన్నిటినీ కలిపి డబ్బాలోకి దించి, ఫార్మలిన్ ద్రావణం పోస్తారు. ఆ ద్రావణంలో ముందుగా బోరాక్స్ కలిపి దాని పులుపును విరవకపోతే గుల్లల సున్నపు పెంకులు కొద్దికాలంలోనే కరగడం మొదలుపెడతాయి. రోజ్ బెంగాల్ అనే రంగును కూడా చేర్చినందువల్ల ఒకప్పుడు ప్రాణమున్న కణజాలమంతా గులాబీ రంగు పొంది, చెత్త మధ్య కంటికి ఆనుతుంది. డబ్బా లోపల వేసే చీటీని పెన్సిలుతోనే రాయాలి, ఎందుకంటే సిరా ద్రావణంలో కరిగి మాయమవుతుంది గాని పెన్సిలు గీత నిలుస్తుంది. స్థానం, తేదీ, పోటుదశ, జల్లెడ కొలత, తీసినవారి పేరు అనే అయిదు మాటలు ఆ చీటీ మీద ఉండాలి. పేరు రాయడం కొందరికి అనవసరంగా తోచవచ్చును గాని, ఒక స్థానంలో జీవుల సంఖ్య హఠాత్తుగా పడిపోయినట్టు కనిపించినప్పుడు మారినది సముద్రమా, కడిగిన చెయ్యా అని విచారించడానికి ఆ పేరు తప్ప వేరే దారి ఉండదు.

ఆ తరువాతి పని ఏరడం. ప్రయోగశాలకు చేరిన నమూనాను కొద్ది కొద్దిగా తెల్లని పళ్ళెంలోకి తీసి, భూతద్దం కింద, సన్నని పట్టుకారుతోనూ కుంచెతోనూ గులాబీ రంగు పట్టిన ప్రతి ప్రాణినీ వేరుచేస్తారు. వానపాముకు దూరపు చుట్టాలై, ప్రతి కణుపు వద్దా సన్నని రోమాల గుత్తులు కలిగిన పాలీకీట్లు ఒక చిన్న గిన్నెలోకి, రెండు చిప్పల గుల్లలు మరో గిన్నెలోకి, రొయ్యకు దాయాదులైన చిన్న యాంఫిపాడ్లు ఇంకో గిన్నెలోకి చేరతాయి. ఎంత జాగ్రత్తగా కడిగినా పురుగులు కొన్ని తెగే ఉంటాయి. ఒక్క పురుగు మూడు ముక్కలైతే మూడుగా లెక్కపెట్టరాదు గనుక, తల ఉన్న ముక్కను మాత్రమే ఒక ప్రాణిగా లెక్కించాలన్నది నియమం. మూసి ఉన్న గుల్ల లోపల మాంసం ఉన్నదా, చచ్చి బురద నిండినదా అన్నది విప్పి చూడనిదే తెలియదు. ఇలా ఒక్క గ్రాబ్ బురదలోని ప్రాణులను ఏరడానికి పూటలు పూటలు పడుతుంది. పని అంతా అయ్యాక పారవేయవలసిన చెత్తను మరొకరు ఒకసారి తిరగవేసి, వదిలిపోయిన ప్రాణులు ఎన్ని ఉన్నాయో చూడడం మంచి ప్రయోగశాలల్లో ఆచారంగా ఉన్నది. ఆ రెండవ చూపు లేని చోట ఎంత పేరున్న ఆచార్యుని పట్టిక అయినా పూర్తిగా నమ్మదగినది కాదు.

ఇంత శ్రమపడి సేకరించిన అంకెలు గోదావరి గురించి చెప్పిన విషయాలు సామాన్యమైనవి కావు. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన విశాఖపట్నం ప్రాంతీయ కేంద్రం శాస్త్రజ్ఞులు గౌతమి ముఖంలో ఏడాది పొడవునా నీటిని పరీక్షించి, 2011లో ప్రచురించిన వ్యాసంలో, వరద కాలంలో ఈ నదీముఖం గాలిలోకి పెద్దమొత్తంలో బొగ్గుపులుసు వాయువును వదులుతున్నదని చూపించారు. నది మోసుకొచ్చిన ఆకులు, మట్టిలోని సేంద్రియ పదార్థం నీటిలోని బాక్టీరియాకు ఆహారమై, అవి దానిని కుళ్ళబెట్టే క్రమంలో ఆ వాయువు పుడుతుంది. వరద తగ్గి, ఆనకట్ట నుంచి దిగువకు నీరు దాదాపు ఆగిపోయిన తరువాత పరిస్థితి తలకిందులవుతుంది: సముద్రపు ఉప్పునీరు పోటు వెంట ఎగువకు పాకి, వేసవి నాటికి గౌతమి దిగువ భాగం ఏరు అనిపించుకోదు, సముద్రపు చెయ్యి అవుతుంది. వర్షాకాలంలో తియ్యని నీటికి అలవాటుపడిన జీవులు, వేసవిలో ఉప్పుకు అలవాటుపడిన జీవులు ఒకే బురదలో ఒకదాని తరువాత ఒకటి వస్తూ పోతూ ఉంటాయి. కనుక ఏ ఒక్క నెలలో తీసిన నమూనా అయినా గోదావరి ముఖాన్ని గురించి అర్ధసత్యాన్నే చెబుతుంది; 1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట పూర్తి అయిన నాటి నుంచి ఆ నీటి రాకపోకలు మేఘం చేతిలో కొంతా, తలుపులు ఎత్తే చేతిలో కొంతా ఉన్నాయి కనుక, ఒక ఏడాది కొలతలు కూడా చాలవు.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. విశ్వవిద్యాలయాల్లో శాశ్వత సాంకేతిక ఉద్యోగాలు ఖాళీ అయినకొద్దీ భర్తీ కాకపోవడం వల్ల, సహాయకుల పని చాలావరకు ప్రాజెక్టుల మీద ఆధారపడింది. ప్రాజెక్టు అంటే కేంద్ర శాఖో మరొక సంస్థో ఒక నిర్దిష్ట ప్రశ్నకు సమాధానం కోరుతూ సాధారణంగా రెండు మూడేళ్ళకు ఇచ్చే నిధి. ఆ నిధితో వచ్చిన సహాయకునికి తాడు పట్టు, జల్లెడ వాటం, పురుగుల ఆనవాళ్ళు వంటబట్టేసరికి గడువులో ఎక్కువ భాగం గడిచిపోతుంది. ఆ తరువాత నిధి ఆగుతుంది, మనిషి వెళ్ళిపోతాడు, మరో రెండేళ్ళకు మరో నిధి వస్తే కొత్త మనిషి మొదటి నుంచి నేర్చుకుంటాడు. మధ్యలో పోయిన నెలలు తిరిగి రావు. 1996 నవంబర్ 6న వచ్చిన పెనుతుపాను డెల్టా తీరాన్ని అతలాకుతలం చేసినట్టే రేపు మరొకటి వస్తే, దాని వల్ల ఖాతం బురదలో ఏమి పోయిందో చెప్పడానికి తుపానుకు ముందు నెలల కొలతలు కావాలి. తుపాను ఎప్పుడు వస్తుందో తెలిసి ముందుగా ఎవరూ ప్రాజెక్టు రాయలేరు. నదీముఖాన్ని గమనించే పనికి ఆరంభం, ముగింపు అనేవి పెట్టిన క్షణంలోనే ఆ పనికి ఉన్న ప్రయోజనంలో సగం పోతుంది.

ఎడతెగకుండా సాగిన కొలత ఏమి చేయగలదో తెలుసుకోవడానికి బ్రిటన్ నుంచి ఒక ఉదాహరణ చాలు. ఆలిస్టర్ హార్డీ అనే శాస్త్రజ్ఞుడు రూపొందించిన పెట్టెవంటి పరికరాన్ని 1931 నుంచి సరకు ఓడల వెనుక కట్టి ఉత్తర సముద్రంలోనూ అట్లాంటిక్‌లోనూ లాగుతూ వచ్చారు. లోపల మెల్లగా చుట్టుకునే పట్టుగుడ్డ మీద ప్లవకాలు చిక్కుకొంటాయి, ఆ గుడ్డను ఒడ్డున సహాయకులు విప్పి, అదే పద్ధతిలో, అదే సూక్ష్మదర్శిని విస్తీర్ణంలో లెక్కపెట్టి, గుడ్డను పారవేయకుండా భద్రపరిచారు. 2004లో ప్లాస్టిక్ కాలుష్యాన్ని పరిశీలించిన శాస్త్రజ్ఞులు ఆ పాత గుడ్డలను మళ్ళీ తీసి చూడగా, 1960ల నుంచి సముద్రంలో సూక్ష్మ ప్లాస్టిక్ పోగులు పెరుగుతూ వచ్చిన క్రమం వాటి మీద కనిపించింది. ఆ గుడ్డలను లెక్కపెట్టిన నాటి సహాయకులకు ఆ ప్రశ్న తెలియదు; వారు చేసినది పని చెడగొట్టకుండా చేయడం, చీటీ సరిగా రాయడం, సరుకును దాచడం. గోదావరి బురద నుంచి దశాబ్దాలుగా తీసిన నమూనాల డబ్బాలు ప్రాజెక్టు ముగియగానే బీరువాల్లో స్థలం చాలక, ఫార్మలిన్ ఆరిపోయి, చీటీలు చెదిరి పాడైపోతే పోయేది గాజుపాత్రల ఖరీదు మాత్రమే కాదు.

ఇదే డెల్టాలో ఇటువంటి నైపుణ్యానికి నిలకడైన జీవనోపాధి లేదనుకోవడం కూడా సరికాదు. వనామీ రొయ్యకు 2009లో అనుమతి లభించిన తరువాత గోదావరి జిల్లాల్లో చెరువుల సాగు విస్తరించి, పట్టణాల్లోనూ పెద్ద ఊళ్ళలోనూ నీటి పరీక్షా కేంద్రాలు వెలిశాయి. జంతుశాస్త్రమో మత్స్యశాస్త్రమో చదివిన యువతీయువకులు అక్కడ ఉప్పదనం, అమ్మోనియా, క్షారత, కరిగిన ఆక్సిజన్ వంటివి కొలిచి జీతం తెచ్చుకుంటున్నారు. చెరువుకు యజమాని ఉన్నాడు, రేపు రొయ్య చస్తుందేమోనన్న భయం ఉన్నది, అందుచేత ఈరోజు కొలతకు డబ్బు చెల్లుతుంది. ఖాతానికి అటువంటి యజమాని లేడు. అక్కడి బుడితలు తగ్గిపోతే నష్టపోయే కుటుంబాలకు కొలత కొనే స్తోమత లేదు. అందువల్లనే ఆ కొలత బాధ్యత ప్రజాధనంతో నడిచే విశ్వవిద్యాలయం మీద పడుతున్నది, దానిని నెలసరి ఖర్చుగా కాక దయాదానంగా చూడడం వల్ల ఆ బాధ్యత సగంలో నిలిచిపోతున్నది.

సహాయకుల ఆరోగ్యాన్ని గురించి కూడా కొంత చెప్పవలసి ఉన్నది. ఫార్మలిన్‌లో ఉండే ఫార్మాల్డిహైడ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల తొలి వర్గంలో చేర్చింది. ఏరే పని గంటల తరబడి ఆ ఆవిరి మీద ముఖం వంచి చేసేది కావడం వల్ల, నమూనాను ముందుగా నీటిలో బాగా కడిగి ఆల్కహాలులోకి మార్చడం, గాలిని బయటికి లాగే గూడులో పనిచేయడం, చేతితొడుగులు వాడడం వంటివి తప్పనిసరి. గాజుపాత్రలను శుభ్రపరచడానికి వెనుకటి తరం వాడిన క్రోమిక్ ఆమ్లం కూడా అటువంటి ప్రమాదకరమైనదే. శాశ్వత ఉద్యోగికి వర్తించే వైద్య సదుపాయం నెలసరి ఒప్పందం మీద పనిచేసే మనిషికి వర్తించకపోతే, ప్రమాదం మాత్రం ఇద్దరికీ సమానంగా ఉంటే, ఆ ఏర్పాటును న్యాయమైనదని ఎవరూ అనలేరు.

పరిశోధన పత్రంలో సహాయకుని పేరు సాధారణంగా చివరి కృతజ్ఞతల పేరాలో వస్తుంది, అదీ రాకపోవచ్చును. చరిత్రకారుడు స్టీవెన్ షాపిన్ 1989లో రాసిన వ్యాసంలో, 17వ శతాబ్దపు ఇంగ్లండులో రాబర్ట్ బాయిల్ ప్రయోగాలను చేతులతో నడిపిన సహాయకులు గ్రంథాల్లో కనిపించకపోవడానికి కారణం వారి పని తక్కువ కావడం కాదనీ, జీతానికి పనిచేసేవాని సాక్ష్యానికి ఆనాటి సమాజం విలువనివ్వకపోవడమనీ వివరించాడు. మూడు శతాబ్దాల తరువాత కూడా ఆ అలవాటు పూర్తిగా తొలగలేదు. జీవజాతిని గుర్తించడంలోనూ, నమూనా తీసే పద్ధతిని మెరుగుపరచడంలోనూ నిజమైన పాత్ర ఉన్న సహాయకునికి పత్రంలో రచయితల మధ్య చోటు ఇవ్వడం కొన్ని ప్రయోగశాలల్లో జరుగుతున్నది. అది పెద్దమనసుకు గుర్తు అని కాక, కొలతకు బాధ్యులెవరో లోకానికి చెప్పడానికి అవసరమైన వివరమని భావించి అన్నిచోట్లా పాటించవలసి ఉన్నది.

డెల్టా పట్టణాల కళాశాలల నుంచి, మండపేట నుంచి కూడా, జంతుశాస్త్రం చదివి బయటికి వస్తున్న పట్టభద్రులు ఉన్నారు. గాడిమొగ, భైరవపాలెం వంటి తీరగ్రామాల్లో పోటుపాట్లు పుట్టుకతో తెలిసిన యువకులు ఉన్నారు. ఈ రెండు రకాల తెలివిని ఒకే పడవలోకి ఎక్కించడం కష్టమేమీ కాదు. యానాం దిగువన గౌతమిలో ఒకటి, గాడేరు పాయలో ఒకటి, కాకినాడ ఖాతం నడుమ ఒకటి అని మూడు స్థానాలను నిర్ణయించి, నెలకు రెండు అష్టములకూ, ఒకే పోటుదశలో, ఉప్పదనం, ఆక్సిజన్, ప్లవకాలు, అడుగు బురద అనే నాలుగింటిని విడవకుండా తీయడానికి ఒక పడవ, ఒక సరంగు, ఇద్దరు సహాయకులు చాలు. వారి జీతం ఏ ప్రాజెక్టు గడువుతోనూ ముడిపడకుండా విశ్వవిద్యాలయపు సొంత పద్దులో చేరాలి, వారు నింపిన డబ్బాలకు ప్రతి ఏటా ద్రావణం మార్చి, పట్టిక రాసి, భద్రపరిచే గది ఒకటి ఉండాలి. మొదటి నమూనా తీయడానికి తగిన సమయం మే నెల చివర, వేసవి ఉప్పు గౌతమిలో పూర్తిగా ఎక్కి, ధవళేశ్వరం దగ్గర తలుపులు ఇంకా లేవని రోజుల్లో.